మృతులను మరల రప్పించుట

లోకములో మనుష్యుడు తిరుగులేనిదిగా ఎఱిగిన విషయ మొక్కటే కలదు, అది మరణము. ధనము పోయిన మరల రావచ్చును. ఆరోగ్యము చెడిన మరల కుదురవచ్చును. విరోధము ముదిరిన పిమ్మట సయితము మైత్రి కలుగవచ్చును. పోయినవాడు మాత్రము రాడు. మన దుఃఖమును, మన వైరాగ్యమును, బ్రతికియున్నవారియెడ మనకు గల దయయు ఈ యొక్క నిశ్చయముపైననే నిలిచియున్నవి. రేపు కనబడడేమో యను భయమే లేనిచో, నేడు ముసలితండ్రిపై విసుగుకొనకుండుటకు మనకు కారణ మేమి? అట్టి మరణమును ఒక పరిశ్రమవారు తమ యవసరము కొలది తెచ్చిపెట్టుచు, అవసరము తీరినతోడనే తీసివేయుచు నున్నారు. దానిని మన యిండ్లలో పెద్దలును పిల్లలును ప్రతిదినము సాయంకాలము కూర్చుండి చూచుచున్నారు. ఇది తగునా తగదా యని విచారించుట వ్యర్థప్రసంగము కాదని మా యభిప్రాయము.

టెలివిజను సీరియలులో చచ్చిన పాత్ర మరల బ్రతికివచ్చుటను గూర్చి యింత గంభీరముగా మాటలాడవలెనా యని నవ్వువా రుందురు. నవ్వదగిన సంగతులు అందు లేకపోలేదు. కాని యొకప్పుడు పురాణకాలక్షేపమును, హరికథయు, వీథినాటకమును మన స్త్రీపురుషుల మనస్సులను తీర్చిదిద్దినట్లే నేడు ఈ సీరియళ్లు తీర్చిదిద్దుచున్నవి. అత్తమామలతో ఎట్లు మెలగవలెనో, భర్త తప్పుచేసిన నేమి చేయవలెనో, చావు వచ్చిన ఇంట ఎట్లేడ్వవలెనో అనేకులు తెలిసియో తెలియకయో అందుండి నేర్చుకొనుచున్నారు. ఏది నేర్పుచున్నదో దానిని పరీక్షించుట మాబోటి బడిపంతుళ్ల పని.

ముందుగా ఈ కథారూపము ఎక్కడ పుట్టినదో తెలిసికొనవలెను. 1930వ సంవత్సరమునకు తరువాతి దశకమున అమెరికాదేశపు రేడియోలో, పగటివేళ ఇంటిపని చేసికొను స్త్రీలకొఱకు దినదినమును కొంచెము కొంచెముగా నడుచు కథలు మొదలయినవి. వాని ఖర్చు భరించినవారు తఱచుగా సబ్బులు తయారుచేయు కంపెనీలవారు. అందుచేతనే వానికి సబ్బునాటకములను అర్థమిచ్చు పేరు కలిగినది. వానిలో ‘గైడింగ్ లైట్’ అనునది 1937లో రేడియోలో ప్రారంభమై, 1952లో టెలివిజనునకు వచ్చి, 2009 వఱకు 72 సంవత్సరములు నడిచినది. కథ వినిన తల్లియు, కూతురును, మనుమరాలును వేర్వేఱు కాలములందు అదే కథను వినిరన్నమాట. మన యాలంకారికులు నాటకమునకు ముఖము మొదలుకొని నిర్వహణము వఱకు అయిదు సంధులు చెప్పిరి. ఈ సబ్బునాటకమునకు నిర్వహణసంధి యే లేదు. ముగియుట దాని స్వభావము కాదు. ముగిసినచో సబ్బు అమ్ముట కాగిపోవును. ముగింపు లేని కథలో మరణమునకు మాత్రము ముగింపు ఎట్లుండును? రోగము మూలము ఇక్కడ నున్నది.

ఇక నిదర్శనములను చూతము. అమెరికాలో 1978లో మొదలయిన ‘డల్లాస్’ అను సీరియలునందు బాబీ యూయింగ్ అనువాడు కథానాయకులలో నొకడు. ఆ వేషము వేసిన ప్యాట్రిక్ డఫీ సీరియలును విడిచి వెళ్లదలచెను. కావున 1985 మే నెలలో బాబీ కారు ప్రమాదమున గాయపడి, ఆసుపత్రిలో తనవారందఱి నడుమ మరణించినట్లు చూపిరి. తరువాతి సంవత్సరమంతయు కథ ఆతడు లేకయే నడిచినది. భార్య పామెలా దుఃఖించినది, తేఱుకొన్నది, మఱియొకని పెండ్లాడినది. ఇంతలో చూపఱుల సంఖ్య తగ్గెను. నటుని బతిమాలి మరల పిలిచిరి. 1986 మే నెలలో పామెలా ఒక యుదయమున నిద్రలేచి స్నానపుగది తలుపు తీయగా, లోపల బాబీ స్నానము చేయుచు కనబడెను! ఆ సంవత్సరము సెప్టెంబరులో కారణము చెప్పిరి: జరిగిన సంవత్సరమంతయు పామెలా కన్న కలయట!

ఇంగ్లండులో ‘ఈస్ట్ ఎండర్స్’ అను సీరియలున డెన్ వాట్స్ అనువానిని 1989లో కాలువగట్టున తుపాకితో కాల్చిరి. పదునాలుగేండ్లకు, 2003లో, ఆతడు సజీవుడై కూతురి యెదుటికి వచ్చెను. 2005లో వానిని మరల చంపిరి. మన దేశమున స్టార్ ప్లస్ వారు 2000 సంవత్సరము జూలై 3వ తేదీన ప్రారంభించిన ‘క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ’ అను హిందీ సీరియలున తులసి భర్తయగు మిహిరుని 2001లో చంపి, చూపఱులు తాళలేక మొఱపెట్టగా ఆతనిని మరల తెచ్చిరి. మన తెలుగునాట స్టార్ మా వారి ‘కార్తీకదీపము’ 2017లో మొదలయి యింటింట పేరుపొందినది. 2022లో దాని నాయికానాయకులగు దీపయు కార్తీకును ప్రమాదమున మరణించినట్లు చూపి, కథను కుమార్తెల తరమునకు నడిపి, ఆ సంవత్సరములోనే వారిని మరల బ్రతికించిరి. దేశము వేఱు, భాష వేఱు, ఆచారము వేఱు, ఉపాయ మొక్కటియే.

ఈ నిదర్శనము లన్నింటను గమనింపవలసిన దేమనగా, చావునకు గాని బ్రతుకునకు గాని కారణము కథలోనిది కాదు. నటుడు వెళ్లదలచెను గనుక పాత్ర చచ్చినది. చూపఱులు తగ్గిరి గనుక పాత్ర లేచినది. యముడు పాశము పట్టుకొని వచ్చుటకు మాఱుగా ఒప్పందపత్రము పట్టుకొని వచ్చుచున్నాడు. కథకుడు తన పాత్రల కర్మమునకు తాను కట్టుబడి యుండుట పోయి, వ్యాపారి కర్మమునకు పాత్రలు కట్టుబడుచున్నవి.

దీనిని సమర్థించువారు మొదట చెప్పుమాట యేమనగా, అసలు చచ్చిన దెవ్వరు, మోసపోయిన దెవ్వరు అని. బాబీ యనువాడు లేడు, లేనివాడు చావలేడు, చావనివాడు లేచుటలో తప్పులేదు. చూపఱులకును ఇది కల్పితమని తెలియును గదా యని వారి వాదము. ఈ వాదము పైకి కనబడునంత బలమైనది కాదు. పాత్ర కల్పితమే, కన్నీరు కల్పితము కాదు. రంగస్థలముపై శోకమును చూచి సహృదయుడు పొందునది నిజమైన యనుభవమేయని మనవారు రసవాదమున నిర్ణయించిరి. కథ చెప్పువానికిని వినువానికిని నడుమ పలుకకయే యొక యొడంబడిక కలదు. “ఇది కల్పితమని నాకు తెలియును; అయినను నిజమని నమ్మి నా మనస్సును నీ చేతి కిచ్చెదను” అని వినువా డనును. “నీ విచ్చినదానిని నేను పారవేయను, చెప్పినదానిని చెప్పలేదనను” అని కథకు డనవలెను. ఆతడు కొన్నిసంగతులు దాచవచ్చును. దాచుట కథకు ప్రాణము. చెప్పినదానిని రద్దుచేయుట మాత్రము తగదు. దాచుటకును రద్దుచేయుటకును గల యీ భేదమే మా విచారమునకు కీలకము.

కోనన్ డాయిల్ వ్రాసిన షెర్లాక్ హోమ్సు కథను దీనికి ఉదాహరణముగా తీసికొనవచ్చును. 1893లో హోమ్సు తన శత్రువుతో పెనగులాడుచు స్విట్జర్లాండు దేశపు జలపాతమున పడి చచ్చెనని ఆయన వ్రాసెను. రచయితకు ఆ పాత్రపై విసుగు పుట్టినది. పాఠకులు మాత్రము విడువలేదు. పదేండ్లకు, 1903లో, హోమ్సు మరల వచ్చెను. ఇచ్చటను ఒత్తిడి బయటిదే, ధనమును బయటిదే. అయినను మేము దీనిని తప్పుపట్టము. ఏలయన మొదటి కథలో శవమును చూచినవా డెవ్వడును లేడు. మిత్రుడగు వాట్సను అడుగుల జాడలును, ఒక యుత్తరమును చూచి యూహించెను, అంతే. ఊహ తప్పయినది, చెప్పినమాట తప్పు కాలేదు. అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. హోమ్సు ఎదుట నిలువగా వాట్సను మూర్ఛపోవును. హోమ్సు తాను కలిగించిన కలతకు నొచ్చుకొని క్షమాపణము చెప్పుకొనును. మిత్రుడు పడిన మూడేండ్ల దుఃఖము జరిగినదిగనే నిలిచినది. తిరిగివచ్చినవాడు ఏడ్చినవానికి ఋణపడియున్నాడని రచయిత యెఱుగును.

సమర్థకుల రెండవ మాట మన పురాణములను ఆశ్రయించినది. సావిత్రి సత్యవంతుని తెచ్చుకొనలేదా? శ్రీకృష్ణుడు పరీక్షిత్తునకు ప్రాణము పోయలేదా? మృతసంజీవని మన దేశపు విద్యయే గదా! మన తాతలు సంతోషముతో వినినదానిని మనుమలు చూచినంతనే దోషమెట్లగును అని యడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్న. కావున మన కథలను కొంచెము దగ్గఱగా చూడవలెను.

భారతము ఆదిపర్వమున రురుడను మునికుమారుని కథ కలదు. ఆతడు వరించిన ప్రమద్వర పెండ్లికి ముందు పాముకాటున మరణించినది. రురుడు విలపింపగా దేవదూత వచ్చి, ఆయువు తీరినవారికి మరల బ్రతుకు లేదు, నీ యాయువులో సగము నిచ్చెదవేని ఆమె లేచునని చెప్పెను. రురుడు ఇచ్చెను, ఆమె లేచెను. ఈ చిన్నకథలో ఎంత ధర్మము కలదో చూడుడు! మరణము నిజముగ జరిగినది. దానిని ఎవ్వరును కాదనలేదు. తిరిగివచ్చుటకు వెల కలదు. ఆ వెలను ప్రేమించినవాడు తన బ్రతుకునుండి కొలిచి యిచ్చెను. సావిత్రియు ఊరక పొందలేదు. వ్రతముచేతను, వివేకముచేతను, యముని వెంట నడిచిన నడకచేతను సంపాదించినది. రామాయణమున యుద్ధము ముగిసినపిమ్మట ఇంద్రుడు వరము కోరుకొమ్మనగా, రాముడు తనకొఱకై చచ్చిన వానరులను బ్రతికింపుమని యడిగెను. పేరు తెలియని వానరులు లేచిరి. హర్షుని నాగానందమునను గౌరీదేవి జీమూతవాహనుని బ్రతికించుటతో ఆగలేదు. పశ్చాత్తాపము పొందిన గరుడుడు అమృతము కురిపింపగా అంతకుముందు ఆతనికి ఆహారమైపోయిన నాగులును లేచిరి.

సీరియలులో లేచువా రెవ్వరు? ఎవని ముఖమునకు గిరాకి కలదో వాడే. ఆ ప్రమాదములోనే చచ్చిన కారుతోలువాడు లేవడు, వంటమనిషి లేవదు, నాయకుని కాపాడబోయి చచ్చిన సేవకుని గూర్చి రెండవనాడు తలచువాడు లేడు. వెల యిచ్చినవా రెవ్వరును లేరు. వరము కోరినవాడు వ్యాపారి, ఫలము పొందినవాడు వ్యాపారి. పురాణకథలో పునర్జీవనము ధర్మమునకు ఫలము. ఇచ్చట అది లెక్కలపుస్తకమునకు ఫలము. కావున పూర్వుల కథలను సాక్ష్యమునకు పిలుచువారు ఆ సాక్షులు చెప్పుమాటను పూర్తిగ వినవలెను.

చచ్చెనని యనుకొన్నవారు బ్రతికియుండి తిరిగి కలిసికొను కథలు మఱియొక జాతివి. వానిలో భవభూతి ఉత్తరరామచరితమునకు సాటి లేదు. సీత మరణించినదని రాముడు నమ్మియున్నాడు. మూడవ యంకమున ఆమె అదృశ్యరూపమున ఆతని చెంతనే నిలిచి, ఆతని శోకమును చెవులార వినుచున్నది. చూపఱులకు ఇది తెలియును, రామునకు తెలియదు. కవి పాత్రను చీకటిలో నుంచెను గాని సభను చీకటిలో నుంచలేదు. సభ మోసపోవుటకు మాఱుగా కరుణించుచున్నది. షేక్స్పియరు ‘ది వింటర్స్ టేల్’ అను నాటకమున సభకును రహస్యము చెప్పలేదు. కాని పదునాఱేండ్ల పిమ్మట రాణి హెర్మియోనీ ప్రతిమవలె నిలిచి కదలినప్పుడు, ఆమె ముఖమున ముడుతలు కనబడినవని కవి గుర్తుచేసెను. అసూయచే రాజు పోగొట్టుకొన్న కుమారుడు తిరిగి రానేలేదు. భార్య దొరకెను, కాలము దొరకలేదు, బిడ్డ దొరకలేదు. సంతోషముతో కూడిన ముగింపులో సయితము కవి మరణమునకు దాని పాలు దానికి ఇచ్చెను.

ఇక మూడవ మాట. అన్నింటిలోను బలమైనది ఇదియే. “చూపఱులు కోరుచున్నారు, కోరినది ఇచ్చుట తప్పా? నిజజీవితమున తనవారిని పోగొట్టుకొన్న యిల్లాలు, కథలోనైన ఒకడు తిరిగి వచ్చుట చూచి కొంత యూరట పొందును. ఆ యూరటను లాగుకొనుటకు మీ రెవ్వరు?” అని యడుగుదురు. ఈ మాట చెప్పినవారి హృదయమును మేము గౌరవింతుము. మరణించినవాడు తలుపు తట్టునేమోయని చెవియొగ్గి వినని యిల్లు లోకమున లేదు. ఆ యాశను తీర్చు కథలు ఎల్ల జాతులయందును కలవు, ఉండవలెను కూడ. అద్భుతకథ తాను అద్భుతకథనని చెప్పుకొని వచ్చును. మనమును దానిని ఆ తీరుననే గ్రహింతుము. సీరియలు అట్లు రాదు. ఇది మీ పొరుగింటి కథ, మీ యింటి కథ యని చెప్పుకొని వచ్చును. అదే వంటయిల్లు, అదే పసుపుకుంకుమలు, అదే ఆసుపత్రి. ఇంటికథ యను వేషము వేసికొని అద్భుతకథ చేయు పనిని చేయుటలోనే కపటము కలదు.

ఆ కపటమునకు ముందుగా గుఱి యగువారు పిల్లలు. మా తరగతిలో తండ్రిని పోగొట్టుకొన్న యొక బాలిక కొన్నినెలల పిమ్మట తోడిపిల్లలతో, “మా నాన్న శవమును నన్ను చూడనీయలేదు, అందుచేత ఆయన ఎక్కడనో ఉండియుండును, గతము మఱచియుండును” అని చెప్పుచుండగా మేము వింటిమి. పసిమనస్సు ఇట్టి యాశలను తనంతట తానే అల్లుకొనును. సీరియలు లేనికాలమునను అల్లుకొన్నది. కాని ఆ బిడ్డ వాడిన మాటలు ఎక్కడివి? గతము మఱచుట, శవము కనబడకపోవుట, ఎక్కడనో ఉండుట — ఇవి సీరియలు అచ్చుపోసిన మాటలు. మరణించిన తండ్రిని తలచుకొని యేడ్చుట మాని, రాని తండ్రికొఱకు ఆమె ఎదురుచూచుచుండెను. ఏడ్పునకు ముగింపు కలదు. ఎదురుచూపునకు ముగింపు లేదు.

టెలివిజను ఇంతకంటె మేలైన పని చేయలేదా? చేసినది. అమెరికాలో పసిపిల్లలకొఱకు నడుపు ‘సెసమీ స్ట్రీట్’ అను కార్యక్రమమున దుకాణదారుడగు హూపర్ అను వృద్ధుని పాత్ర కలదు. ఆ వేషము వేసిన విల్ లీ 1982 డిసెంబరులో మరణించెను. నిర్వాహకులు ఆ వేషమును మఱియొకనికి ఇచ్చియుండవచ్చును. హూపరు ఊరు విడిచి వెళ్లెననియు చెప్పియుండవచ్చును. వారు అట్లు చేయలేదు. పిల్లల మనస్సు తెలిసినవారిని సంప్రదించి, 1983 నవంబరు 24వ తేదీన నిజమే చెప్పిరి. అందులో బిగ్ బర్డ్ అను పెద్ద పక్షి, పిల్లవానివంటి మనస్సు గలది, తన స్నేహితు లందఱి బొమ్మలును గీసి పంచుచు, హూపరు బొమ్మ చేతబట్టుకొని, ఆయన వచ్చినపిమ్మట ఇచ్చెదననును. పెద్దలు మెల్లగా ఆయన మరణించెననియు, మరణించినవారు తిరిగి రారనియు చెప్పుదురు. పక్షి కోపించును, అడుగును, ఏడ్చును. పెద్దలును కన్నీరు పెట్టుకొందురు. ఆ బొమ్మను పక్షిగూటికి దగ్గఱ వ్రేలాడగట్టిరి. అయిదేండ్ల పిల్లలకు చెప్పదగిన సత్యమును ఏబదియేండ్లవారికి చెప్పరాదా?

సంఘసంస్కారమును కోరువారు గమనింపవలసిన సంగతి యింకొకటి కలదు. సీరియలులో తిరిగివచ్చువాడు తఱచుగా భర్త. ఏడ్చుచు నిలిచియుండునది భార్య. వితంతువునకు దుఃఖమునుండి విడుదల భర్త తిరిగివచ్చుటచేతనే కలుగునని ఈ కథలు మరల మరల చెప్పుచున్నవి. ఆమె తన కాళ్లపై నిలిచినను, మఱియొకనితో బ్రతుకు కట్టుకొన నుద్యమించినను, సరిగా ఆ ముహూర్తమున తలుపు తెఱచుకొని భర్త కనబడునేమోయను భయము కథలో పొంచియుండును. ఆమె చేసిన ధైర్యము తొందరపాటుగా మాఱిపోవును. చేయబోయిన పెండ్లి పాపముగా మాఱిపోవును. పామెలా రెండవ పెండ్లి ఏమైనది? కలలో కలిసిపోయినది. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతువివాహము చేయించినప్పుడు, పోయినవాడు పోయెను, ఉన్నదాని బ్రతుకు ఆమెది యను నమ్మకముననే చేయించిరి. పరాశరస్మృతి భర్త మరణించుటను, భర్త జాడ తెలియకపోవుటను వేర్వేఱుగా పేర్కొని, రెండు సందర్భములందును స్త్రీకి మరల పెండ్లి చెప్పినది. 1955 నాటి హిందూవివాహ చట్టమును, ఏడేండ్లు భర్త బ్రతికియున్నట్లు వినరానిచో భార్య విడాకులు కోరవచ్చునని చెప్పుచున్నది. స్మృతికారుడును శాసనకర్తయు ఎదురుచూపునకు ఒక హద్దు గీచిరి. సీరియలుకర్త ఆ హద్దును చెఱిపివేయుచున్నాడు.

నిజముగ తిరిగివచ్చినవానికి ధర్మ మేమి? టెన్నిసను కవి 1864లో ప్రకటించిన ‘ఈనోక్ ఆర్డెన్’ కావ్యమున ఈ ప్రశ్నకు ఒక యుత్తరము కలదు. ఓడ పగిలి ఏండ్లతరబడి దీవిలో చిక్కుకొన్న నావికుడు ఊరికి వచ్చి, తాను చచ్చితినని యెంచి భార్య తన బాల్యమిత్రుని పెండ్లాడి, బిడ్డలతో సుఖముగా నుండుట కిటికీగుండ చూచెను. లోనికి పోలేదు, తానెవ్వడో చెప్పలేదు. చనిపోవు గడియలో మాత్రమే ఒక యింటియామెకు రహస్యము తెలిపెను. ప్రతివాడును ఇట్లే చేయవలెనని మేము చెప్పము. కాని తాను లేనప్పుడు ఇతరులు కట్టుకొన్న బ్రతుకునకు కూడ విలువ కలదని ఆతడు గ్రహించినట్లు మన సీరియలునాయకులలో ఎంతమంది గ్రహించిరి?

ఇంతవఱకు చెప్పినదానినుండి మేము ఒక నిర్ణయమునకు వచ్చుచున్నాము. మృతుని మరల రప్పించుట కథకునకు ఎల్లప్పుడును నిషిద్ధము కాదు. మొదట మరణమును చెప్పక సందేహము మాత్రమే కలిగించి యుండినచో, తిరిగివచ్చినవాడు తనకై యేడ్చినవారికి జవాబు చెప్పుకొన్నచో, గడచినకాలము గడచినదిగనే నిలిచినచో ఆ పునరాగమనము కథకు ధర్మము కావచ్చును. డెన్ వాట్సు కథలో లోపము లెన్నియున్నను ఈ యొక్క మేలు కలదు: తండ్రి చచ్చెనని పదునాలుగేండ్లు నమ్మిన కూతురు ఆతని చూచి వెంటనే సంతోషింపలేదు. ఆమె కోపము కథలో చోటు సంపాదించుకొన్నది. ఆ కోపము న్యాయము.

డల్లాసు స్వప్నము మాత్రము ఈ పరీక్షలో నిలువదు. అది ఒక మృతుని బ్రతికించుటతో పోలేదు; బ్రతికియున్నవా రందఱి సంవత్సరమును చంపినది. ఆ యేడాదిలో తప్పుచేసినవాడు తప్పు చేయలేదు, పశ్చాత్తాపపడినవాడు పడలేదు, క్షమించినవారు క్షమింపలేదు. కర్మమునకు ఫలము లేకపోవుటయే కాదు, కర్మమే లేకపోయినది. విచిత్ర మేమనగా, డల్లాసునుండి పుట్టిన ‘నాట్స్ ల్యాండింగ్’ అను మఱియొక సీరియలున బాబీ సోదరుడు తమ్ముని చావునకు దుఃఖించెను. ఆ సీరియలువారు ఆ చావును వెనుకకు తీసికొనలేదు. ఒకే కుటుంబము, ఒక యింట తమ్ముడు స్నానము చేయుచున్నాడు, మఱియొక యింట తమ్ముడు చచ్చియే యున్నాడు. ఈ రెండింటిలో ఏది సత్యమని యడిగినచో, ఏడ్చిన మనుష్యుని కన్నీటిని తుడిచివేయక నిలిపినదే సత్యమునకు దగ్గఱ యని మేమందుము.

వ్యాపారిని నిందించి యూరకుండుట సులభము. చూపఱులగు మనకును ఇందు పాలు కలదు. మిహిరుని మరల తెమ్మని మొఱపెట్టినవారు మనవంటివారే. మనకు ప్రియమైనవాడు చావగూడదను కోరికలో తప్పు లేదు. ఆ కోరికయే తులసిని గూర్చి యొక్కనాడైన ఆలోచింపనీయకపోవుటలో తప్పు కలదు. భర్త లేని తులసి ఎట్లు బ్రతుకునో చూపుడని మన మెందుకు మొఱపెట్టలేదు? అట్టి తులసులు మన వీథిలోనే ఉన్నారు గదా! వారికి పనికివచ్చు కథ యేదియని అడిగినవారు ఎందఱు?

కావున గృహస్థులకు మా మనవి యిది. సీరియలు చూడవలదని మేము చెప్పము. చెప్పినను వినువారు లేరు. చూచునప్పుడు పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చూడుడు. తెఱమీద చచ్చినవాడు లేచివచ్చిననాడు, “మన తాతగారు ఇట్లు రారు, ఆయన నాటిన చెట్టు పెరటిలో కలదు, ఆయన చెప్పిన మాట మన యింట కలదు” అని ఒక్కమాట చెప్పుడు. తెఱవాడు చెప్పని సత్యమును చెప్పు బాధ్యత ఇంటివారిది. బిగ్ బర్డ్ గూటికడ వ్రేలాడిన బొమ్మ చేసిన పనియు ఇదియే. అది హూపరును తిరిగి తేలేదు; తేగలనని నమ్మింపలేదు; ఆయన యుండెనని మఱువనీయలేదు. మృతులను మరల రప్పించుటకు మనుష్యునకు కలిగిన విద్య ఇంత మాత్రమే. ఇది చాలదని యేడ్చినవారు ఏడ్వవచ్చును. దీనికి మాఱుగా అబద్ధమును అమ్మువానియొద్ద మాత్రము కొనగూడదు.